కలియబెట్టని కుండ: అడవి అంచున లెక్కల కథ

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కర లేదు. ఒక్క మెతుకు చూచిన చాలునని మన పెద్దలు చెప్పుదురు. దీనికి స్థాలీపులాక న్యాయమని పేరు. ప్రభుత్వములు గాని, విశ్వవిద్యాలయములు గాని, రేడియో సంస్థలు గాని జరుపు నమూనా పరిశీలనలకు ఈ న్యాయమే పునాది. కొన్నివేల కుటుంబములను అడిగి కొన్నికోట్ల ప్రజలను గూర్చి చెప్పగలుగుట దీని బలము చేతనే.

అయితే వంట చేయు ఇల్లాలికి తెలిసిన సంగతి ఒకటి ఈ న్యాయములో చెప్పబడలేదు. మెతుకు పట్టుటకు ముందు ఆమె గరిటె పెట్టి కుండను అడుగంట కలియబెట్టును. కలియబెట్టని కుండలో పైమెతుకు పలుకుగా నుండవచ్చును. అడుగున మాడి యుండవచ్చును. ఒక దేశమును, ఒక జిల్లాను గరిటె పెట్టి కలుపుట ఎవరికిని సాధ్యము కాదు. అందిన మెతుకులే చేతికి వచ్చును. అట్టి మెతుకులతో కుండ సంగతి ఎట్లు చెప్పవలెనన్నది ఇరువదవ శతాబ్దమున శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న. ఆ ప్రశ్నను మన ఖమ్మం, భద్రాచలముల అడవి అంచున నిలిచి చూచినచో దాని అర్థము తేటపడును.

ఈ ప్రాంతపు స్వరూపమును ముందుగా జ్ఞాపకము చేసికొందము. ఖమ్మం నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు బాట వెంట గనులు, కర్మాగారములు, అంగళ్లు, పాఠశాలలు కలవు. బాట దిగి లోనికి పోయినచో కోయల గూడెములు, గుంపులు ఎడమెడముగా నుండును. గోదావరి వెంట దిగువకు పోయినచో పాపికొండలలో కొండరెడ్ల ఇండ్లు కొండ వాలులపై నాలుగిక్కడ, అయిదక్కడగా కనిపించును. 2011 జనాభా లెక్కల ప్రకారము నాటి ఖమ్మం జిల్లా ప్రజలలో నాలుగవ వంతునకు మించినవారు షెడ్యూల్డు తెగలవారు. బాట ప్రక్కన ఉన్నవారిని అడుగుట సులభము; లోపల ఉన్నవారిని అడుగుట కష్టము. మనము చెప్పబోవు కథ అంతయు ఈ ఒక్క భేదము నుండి పుట్టినది.

గోదావరి ఇక్కడ చిరకాలము నది మాత్రమే గాక సరిహద్దుగా కూడ నుండెను. 1860లో నిజాము ప్రభుత్వము ఎడమ గట్టు ప్రాంతమును బ్రిటిషు వారికి అప్పగించెను. అది కొంతకాలము మధ్యపరగణాలలో ఎగువ గోదావరి జిల్లాగా నుండి, 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు చేరెను. నూగూరు ప్రాంతము 1909లో చేరెను. కుడి గట్టున పాల్వంచ, బూర్గంపాడు సీమలు హైదరాబాదు సంస్థానమున నిలిచెను. రెండు గట్టులందును కోయలే. పండుగలు, సంబంధ బాంధవ్యములు ఒకటే. వారిని లెక్కించు పుస్తకములు మాత్రము రెండు. ఒకటి మద్రాసులో అచ్చయ్యెను. రెండవది హైదరాబాదులో అచ్చయ్యెను. 1953 అక్టోబరు 1వ తేదీన వరంగల్లు జిల్లాను విభజించి ఖమ్మం జిల్లాను ఏర్పరచిరి. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలను తూర్పు గోదావరి నుండి తెచ్చి అందు కలిపిరి. అప్పటికి గాని రెండు గట్టులును ఒక్క జిల్లా లెక్కలోనికి రాలేదు.

జనాభా లెక్కలనగా నమూనా కాదు. ప్రతి మనిషిని లెక్కించు ప్రయత్నము. 1881 మొదలు 1931 వరకు ఒకే రాత్రి దేశమంతటను లెక్క తీయవలెనన్న నియమముండెను. కాని పులులు తిరుగు అడవిలో దీపము పట్టుకొని రాత్రివేళ గూడెము గూడెమునకు పోవుట గణకులకు సాధ్యము కాదు. కావున ఇట్టి మన్యములందు ఆ నియమమును సడలించి పగటి వేళలందే లెక్క వ్రాయుచు వచ్చిరి. సంపూర్ణమైన లెక్క అని పేరు పొందిన దానియందు సైతము బాటకును అడవికిని భేదము తప్పలేదన్నమాట. పోడు కొట్టుకొనుటకు ఒక గుంపు మరొక కొండకు తరలిపోయినచో ఆ ఇండ్లు ఎవరి పుస్తకమున పడునో చెప్పుట కష్టము.

1931లో మద్రాసు రాజధాని జనాభా లెక్కలను నిర్వహించిన అధికారి ఎం.డబ్ల్యు.ఎం. యీట్సు. పదేండ్ల తరువాత ఆయనయే అఖిల భారత కమిషనరుగా 1941 లెక్కలను నడిపెను. రెండవ ప్రపంచ యుద్ధము వలన ధనము చాలక ఆ లెక్కల పట్టికలన్నియు సిద్ధము కాలేదు. అయినను నూటికి రెండు వంతున చీట్లను నమూనాగా తీసి భద్రపరచిరి. ఆయన పేరులోని మొదటి అక్షరమును బట్టి దానికి వై నమూనా అను పేరు నిలిచినది. అందరిని లెక్కించిన పిదప, అందరిని గూర్చియు తెలిసికొనుటకు కొందరి చీట్లపై ఆధారపడవలసి వచ్చెను. మన దేశమున సంపూర్ణ గణన నుండి నమూనా గణనకు సాగిన మార్గములో అదియొక మైలురాయి.

అదే సంవత్సరమున, అనగా 1941లో, క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు పాపికొండల సీమలో కొండరెడ్ల నడుమ తిరుగుచుండెను. ఆయన పరిశోధన 1945లో గ్రంథముగా వెలువడినది. అందు ఆయన చూపిన ముఖ్యవిషయము మన ప్రస్తావనకు మిక్కిలి సంబంధించినది. నది ఒడ్డున ఉన్న రెడ్లు కలప, వెదురు వర్తకుల క్రింద కూలికి పోవుచు అప్పులలో చిక్కియుండిరి. కొండమీది రెడ్లు పోడు వ్యవసాయముతో తమ బ్రదుకు తాము బ్రదుకుచుండిరి. తెగ ఒకటే, పేరు ఒకటే, జీవితము వేరు. పడవ దిగిన చోటనే నిలిచి నలుగురిని అడిగి, కొండరెడ్లందరు ఇట్లున్నారని వ్రాసినవాడు పొరబడును. కొండ ఎక్కి చూచి తిరిగిపోయినవాడును అంతే పొరబడును. ఇద్దరును అబద్ధమాడలేదు, కాని ఇద్దరి మాటయు నిజము కాదు.

ఈ చిక్కు మన అడవులకే ప్రత్యేకము కాదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ లిటరరీ డైజెస్టు అను పత్రిక కోటిమందికి చీట్లు పంపగా 23 లక్షలకు పైగా తిరిగివచ్చెను. వానిని లెక్కించి లాండన్ అను అభ్యర్థికి నూటికి 57 వోట్లు వచ్చునని పత్రిక ప్రకటించెను. ఎన్నికలో రూజ్‌వెల్టు నూటికి 60కి మించిన వోట్లతో గెలిచెను. టెలిఫోను, మోటారుకారు గలవారి పట్టికల నుండి ఎక్కువ పేర్లు తీసికొనుట ఒక లోపము. పంపిన చీట్లకు బదులు వ్రాసినవారు తక్కిన ప్రజల వంటివారు కాకపోవుట మరియొక లోపము. నమూనా పెద్దదైనంత మాత్రమున సత్యమునకు దగ్గర కాదని ఆ దెబ్బతో లోకమునకు తెలిసెను.

రేడియోలో పనిచేయు మాబోటి వారికి ఈ పాఠము నిత్యమును జ్ఞాపకముండదగినది. శ్రోతల ఉత్తరములు సంచులకొలది వచ్చినవని మేము సంతోషింతుము. కాని ఉత్తరము వ్రాయుటకు చదువు కావలెను, తపాలా డబ్బా అందుబాటులో ఉండవలెను, వ్రాయవలెనన్న ఉబలాటము కావలెను. పొద్దుగూకిన తరువాత గూడెములో నలుగురు చేరి ఒక్క రేడియో చుట్టు కూర్చుండి విని, నవ్వుకొని, లేచిపోవువారి మాట ఏ ఉత్తరమునందును ఉండదు. ఉత్తరములను మాత్రమే లెక్కించి కార్యక్రమములను మార్చినచో మేమును లిటరరీ డైజెస్టు త్రోవనే పోయినవారమగుదుము.

ఇక దీనికి విరుగుడు ఏమి? ఒక విరుగుడు నమూనాను ఎన్నుకొను పద్ధతిలోనే యున్నది. 1934లో పోలండు దేశీయుడైన నేమన్ అను గణితజ్ఞుడు, ప్రజలను ముందుగా వర్గములుగా విభజించి, ఒక్కొక్క వర్గము నుండి చీట్లు తీసినట్లు గ్రుడ్డిగా ఎన్నుకొనవలెనని సిద్ధాంతీకరించెను. మనదేశమున ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1937 నుండి వంగదేశపు జనుము పంట విస్తీర్ణమును ఇట్టి నమూనాలతో కొలిచి చూపెను. ఆయన కృషి ఫలితముగానే 1950లో జాతీయ నమూనా సర్వే ప్రారంభమైనది. దాని తొలి విడతకు దేశములోని సుమారు 5 లక్షల 60 వేల గ్రామముల నుండి 1,833 గ్రామములను ఎన్నుకొనిరి. అట్టి ఎన్నికలో ఒక్కొక్క గ్రామము మూడువందల గ్రామములకు పైగా బదులు పలుకవలసియుండును.

రెండవ విరుగుడు తూకము. ఎన్నిక సమముగా జరుగనప్పుడు, లేదా ఎన్నికైనవారందరు దొరకనప్పుడు, వచ్చిన సమాధానములకు వేర్వేరు తూకములు కట్టుట. 1940లో అమెరికా జనాభా లెక్కల కొరకు డెమింగ్, స్టీఫన్ అనువారు నమూనా పట్టికలను పూర్తి గణనలోని మొత్తములకు సరిపోవునట్లు దిద్దు విధానమును చెప్పిరి. 1952లో హార్విట్జ్, థాంప్సన్ అనువారు దీని సారమును ఒక సూత్రముగా చెప్పిరి: ఒక కుటుంబము నమూనాలో పడుటకు అవకాశమెంత తక్కువో, పడినప్పుడు దాని మాటకు అంత ఎక్కువ తూకము.

దీనిని ఒక ఊహాలెక్కతో చూతము. అడవి అంచున ఒక సీమలో 1,000 కుటుంబములు కలవనుకొందము. 300 బాట ప్రక్కన, 700 లోపలి గూడెములలో. చలిజ్వరము ఎన్ని ఇండ్లలో ఉన్నదో తెలిసికొనుటకు ఒక ఉద్యోగి 100 ఇండ్లు చూచెను. వాన కాలము, వాగులు పొంగినవి. కావున 70 ఇండ్లు బాట ప్రక్కనే చూచి 30 మాత్రము గూడెములలో చూడగలిగెను. బాట ప్రక్క 70లో 7 ఇండ్లలోను, గూడెములలో 30కి 12 ఇండ్లలోను జ్వరము కనిపించెను. మొత్తము 100కు 19. ఈ సీమలో నూటికి 19 ఇండ్లలో జ్వరమున్నదని నివేదిక పోవును. దానికి తగినన్ని మాత్రలు వచ్చును.

ఇప్పుడు తూకము కట్టుదము. బాట ప్రక్క చూచిన 70 ఇండ్లు 300 ఇండ్లకు ప్రతినిధులు. ఒక్కొక్కటి నాలుగింటికి కొంచెము పైగా పలుకును. గూడెములలో చూచిన 30 ఇండ్లు 700 ఇండ్లకు ప్రతినిధులు. ఒక్కొక్కటి ఇరువదిమూడింటికి పైగా పలుకును. బాట ప్రక్కన నూటికి 10 వంతున 300లో 30 ఇండ్లు. గూడెములలో నూటికి 40 వంతున 700లో 280 ఇండ్లు. కలిపి వేయింటికి 310, అనగా నూటికి 31. అడిగినవారు వారే, సమాధానములు అవే. పందొమ్మిది ముప్పదియొకటి అయ్యెను. ఆ పండ్రెండింటి భేదము వేయి ఇండ్లలో నూటయిరువది ఇండ్లు. మాత్రలు అందని నూటయిరువది ఇండ్లన్నమాట. తూకము కట్టుట లెక్కలవారి వినోదము కాదనుటకు ఇంతకంటె వేరే సాక్ష్యము వలదు.

అంగడిలో వర్తకుడు నెయ్యి తూచుటకు ముందు గిన్నెకు సరియైన పడికట్టు రాయిని రెండవ తట్టలో పెట్టును. ఖాళీ గిన్నె బరువు నెయ్యి ఖాతాలో పడకుండుటకు ఆ రాయి. నమూనాకు కట్టు తూకమును అట్టి పడికట్టు రాయియే. రాయి సరిగా నున్నచో త్రాసు నిజము పలుకును. రాయియే తప్పయినచో త్రాసు ఎంత మంచిదైనను లాభము లేదు.

తెలుగువారు గర్వింపదగిన శాస్త్రజ్ఞుడొకరు ఈ విషయమున మరియొక అడుగు ముందుకు వేసిరి. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హూవిన హడగళ్లిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1940లో గణితమున ఎం.ఏ. పట్టము పొంది, 1941లో కలకత్తా వెళ్లి మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థలో చేరిరి. 2023లో తమ నూటరెండేండ్ల వయసున పరమపదించువరకు లోకమంతటి సాంఖ్యక శాస్త్రజ్ఞులకు ఆయన ఆచార్యులు. 1934లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఫిషర్ లేవదీసిన ఒక ప్రశ్నను విస్తరించి, 1965లో తూకపు విభాజనములను గూర్చి ఆయన ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. మనకు దొరకు సమాచారము దొరకు పద్ధతిచేతనే వంకరపోవునని, ఆ వంకరను గణితముతో తెలిసికొని దిద్దవచ్చునని దాని సారాంశము.

దీనికి ఇంటింటికి తెలిసిన ఉదాహరణ కలదు. ఇద్దరేసి పిల్లలున్న నాలుగు ఇండ్లు అనుకొందము. ఒక ఇంట ఇద్దరు కొడుకులు. రెండిండ్ల ఒక కొడుకు, ఒక కూతురు. నాలుగవ ఇంట ఇద్దరు కూతుళ్లు. కొడుకులు నలుగురు, కూతుళ్లు నలుగురు, సరిసమానము. ఇప్పుడు మగపిల్లల పాఠశాలకు పోయి మీ యింట ఎందరు మగపిల్లలు, ఎందరు ఆడపిల్లలు అని అడిగి వచ్చిన జవాబులను కూడుదము. మొదటి ఇంటి నుండి ఇద్దరు వచ్చి ఒకే ఇంటి సంగతి రెండుమారులు చెప్పుదురు. మొత్తము కూడగా ఆరుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు అని తేలును. రెండుమారులు వచ్చిన ఇంటికి సగము తూకము కట్టినచో నలుగురు, ఇద్దరు అగును. కొంత మేలు. అయినను సరిసమానము కాలేదు. ఏమన, ఇద్దరు కూతుళ్ల ఇల్లు ఆ పాఠశాలకు రానే రాదు. రాని ఇంటికి ఏ తూకము కట్టినను ఫలము లేదు. సున్నను ఎంతతో హెచ్చవేసినను సున్నయే.

ఈ నాలుగిండ్ల లెక్కను మన సంతకు అన్వయింపవచ్చును. అడవి సీమలో జనము నలుగురు కలియు చోటు వారపు సంత. పరిశీలకుడు సంతలో నిలిచినచో గూడెములు తిరుగు శ్రమ తప్పును. నెలలో నాలుగు సంతలందును నిలిచి వచ్చినవారినెల్ల అడిగెననుకొందము. ప్రతివారము ఉప్పు, చింతపండు కొని పోవువాడు నాలుగుమారులు లెక్కలో పడును. నెలకొకమారు కొండ దిగి వచ్చువాడు ఒక్కమారే పడును. మొదటివానికి పావు తూకము కట్టినచో ఈ వంకర దిద్దుపాటగును. కాని ముసలితనము చేతనో, జ్వరము చేతనో, చేత కాసు లేకనో సంత ముఖమే చూడని మనిషి యున్నాడు. అతని కొరకు పరిశీలకుడు కొండ ఎక్కక తప్పదు. తూకము ఎంత గొప్పదైనను నడకకు బదులు కాజాలదు.

తూకమునకు మరి రెండు హద్దులు కలవు. మొదటిది, పెద్ద తూకము కట్టినకొలది సందేహము పెరుగును. మన ఊహాలెక్కలో గూడెపు ఇల్లు ఒక్కటి ఇరువదిమూడిండ్లకు పలికినది. ఆ ఒక్క ఇంట పొరపాటు జరిగినచో ఇరువదిమూడిండ్ల పొరపాటగును. లెస్లీ కిష్ అను శాస్త్రజ్ఞుడు చెప్పిన కొలతతో చూచినచో, అట్లు తూకము కట్టిన ఆ 100 ఇండ్ల నమూనా, సమముగా ఎన్నుకొన్న సుమారు 57 ఇండ్ల నమూనాకు మాత్రమే సాటి. వంకర పోయినది గాని విలువ తరిగినది.

రెండవది పడికట్టు రాయి సంగతి. గూడెములలో 700 ఇండ్లు, బాట ప్రక్క 300 ఇండ్లు అని మనకు ముందే తెలిసియుండవలెను. ఆ తెలివి జనాభా లెక్కల నుండి రావలెను. 1976 నాటి సవరణ చట్టముతో తెలంగాణమున లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరిరి. 1971 లెక్కలలోని తెగల సంఖ్యను పట్టి ఆ తరువాతి పరిశీలనకు తూకము కట్టినవాడు, మనుషులు మారకున్నను పేరు మారిన సంగతి మరచినవాడగును. 2014లో పోలవరము ప్రాజెక్టు కొరకు ఖమ్మం జిల్లా నుండి ఏడు మండలముల ప్రాంతము ఆంధ్రప్రదేశ్‌కు పోయినది. భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచినది. 2016 అక్టోబరులో మిగిలిన జిల్లానుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. కావున 2011 జనాభా లెక్కలలో ఖమ్మం అని వ్రాసియున్న జిల్లా నేడు అదే రూపమున లేదు. ఆ పాత మొత్తమును తీసికొని కొత్త జిల్లాకు తూకము కట్టుట పాత గిన్నె పడికట్టును కొత్త గిన్నెకు పెట్టుట వంటిది. మండలము మండలముగా, గ్రామము గ్రామముగా విడదీసి మరల కూర్చిన గాని ఆ సంఖ్యలు పనికిరావు.

నమూనా చిక్కులన్నియు వలదు, అందరినే లెక్కింతమనువారు ఉందురు. 2014 ఆగస్టు 19వ తేదీన తెలంగాణ ప్రభుత్వము సమగ్ర కుటుంబ సర్వేను ఒకే దినమున జరిపించెను. 2024 నవంబరులో ఆరంభమైన ఇంటింటి కులసర్వేలో నూటికి 96.9 కుటుంబముల వివరములు సేకరించినట్లు ప్రకటించిరి. మిగిలినవారికై 2025 ఫిబ్రవరిలో మరల అవకాశమిచ్చిరి. నూటికి మూడు స్వల్పమే. అయినను ఆ మూడిండ్లును తక్కిన తొంబదియేడింటి వంటివేనా అను ప్రశ్న అడుగక తప్పదు. తప్పిపోయినవారు అన్ని వర్గములనుండి సమముగా తప్పిపోయినచో చిక్కులేదు. ఒకే కొండమీద, ఒకే పేటలో తప్పిపోయినచో ఆ కొండకు, ఆ పేటకు అది చిన్న సంఖ్య కాదు.

యీట్సు భద్రపరచిన చీట్ల నుండి నేటి ఇంటింటి సర్వే వరకు ఎనుబది యేండ్లకు మించిన ఈ కథలో మనకు తేలిన నీతి ఇది. ఏ సంఖ్యనైనను వినినప్పుడు ఎందరిని అడిగిరని మాత్రమే అడిగిన చాలదు. ఎవరిని అడిగిరి, ఎవరు దొరకలేదు, దొరకనివారి పక్షమున ఎవరికి తూకము కట్టిరి, ఆ రాయి ఎక్కడిది అని కూడ అడుగవలెను. అడుగు హక్కు శాస్త్రజ్ఞులకే కాదు. పంచాయతీ సభ్యునికి, బడిపంతులుకు, రేడియో వినువారికి సైతము కలదు. చెప్పు బాధ్యత లెక్క ప్రకటించువారిది. గూడెమునకు వైద్యుడు రావలెనా, బడి నిలువవలెనా, బియ్యము ఎన్ని బస్తాలు పంపవలెనా అన్నది ఆ సంఖ్యను బట్టియే నిర్ణయమగును. వాగు దాటి పోయి లెక్క వ్రాసికొని వచ్చు ఉద్యోగి నడక, బల్ల ముందు కూర్చుండి తూకము కట్టు గణకుని నిజాయితీ, ఈ రెండును కూడినప్పుడే కుండ అడుగున ఉన్న మెతుకునకు సైతము తగిన మాట దక్కును.